కాకి లెక్కలు, గడప లెక్కలు

శ్రోతలకు నమస్కారం.

2014 ఆగస్టు 19 మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. తెలంగాణ అంతటా ఒకే రోజు ఇంటింటికీ తిరిగి సమగ్ర కుటుంబ సర్వే చేశారు. బతుకుతెరువుకు ముంబై, భివండీ వెళ్లినవాళ్లు కూడా కిక్కిరిసిన బస్సులూ రైళ్లూ పట్టుకుని సొంతూరికి వచ్చారు. ఆ రోజు ఇంట్లో లేకపోతే రేషన్ కార్డు ఉంటుందో ఊడుతుందో, అమ్మ పింఛను ఏమవుతుందో అని ఒకటే టెన్షన్. సార్లు వచ్చారు, అడిగారు, రాసుకున్నారు, వెళ్లారు. ఆ తర్వాత వచ్చి "మీ వీధి లెక్క మొత్తం ఇదీ, తప్పుంటే చెప్పండి" అని చదివి వినిపించిన వాళ్లు మాత్రం నాకు ఇంతవరకు తారసపడలేదు.

మనకు సర్వే అంటే అలాగే అలవాటు. అడిగేది వాళ్లు, చెప్పేది మనం. రాసిన కాగితం వాళ్ల ఫైల్లోకి పోతుంది. ఆంధ్రలోనూ అంతే, వార్డు సచివాలయం నుంచి వస్తారు, ఆధార్ నంబరు అడుగుతారు, ఫోనుకొచ్చిన ఓటీపీ చెప్పమంటారు. చెప్తాం. ఆ లెక్కతో మన వీధికి ఏం జరిగిందో మనకు తెలియదు.

అలా కాకుండా, లెక్కలో ఉండేవాళ్లే లెక్క రాసిన ఒక చోటు గురించి ఈ రోజు చెబుతాను. అది ముంబైలోని బైకుల్లా. మనకు మరీ పరాయి చోటేమీ కాదు. దాన్ని ఆనుకుని ఉన్న కామాఠిపురకు ఆ పేరు వచ్చిందే నిజాం రాజ్యం నుంచి కూలి పనులకు వెళ్లిన మన తెలుగువాళ్ల వల్ల. వాళ్లను అక్కడ కామాఠీలు అనేవారు. ఆ నగరాన్ని కట్టిన చేతుల్లో మనవీ ఉన్నాయి.

1981 జూలై. మంచి వానాకాలం. ఫుట్‌పాత్‌ల మీద గుడిసెలు వేసుకున్న వాళ్లందరినీ ఖాళీ చేయించి సొంతూళ్లకు పంపించేస్తామని అప్పటి మహారాష్ట్ర ముఖ్యమంత్రి అంతులే ప్రకటించారు. కూల్చివేతలు మొదలయ్యాయి. ఓల్గా టెల్లిస్ అనే జర్నలిస్టు, మరికొందరు కోర్టుకెళ్లారు. నాలుగేళ్ల తర్వాత, 1985 జూలై 10న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. బతుకుతెరువు హక్కు కూడా జీవించే హక్కులో భాగమేనంది. లా చదివేవాళ్లు ఇప్పటికీ గొప్పగా చెప్పుకునే మాట అది. అయితే ఫుట్‌పాత్ మీద ఉన్నవాళ్లకు ఆ తీర్పులో వినబడింది రెండో సగం: ఖాళీ చేయించవచ్చు, కాకపోతే నోటీసివ్వాలి, అక్టోబరు 31 దాకా ఆగాలి.

అంటే మిగిలింది మూడు నెలల పైచిల్లర.

అప్పటికి ఏడాది ముందే, 1984లో, స్పార్క్ అనే చిన్న సంస్థ బైకుల్లాలో పని మొదలుపెట్టింది. తీర్పు వచ్చాక ఫుట్‌పాత్ మీది ఆడవాళ్లూ, ఈ సంస్థవాళ్లూ కూర్చుని ఏం చేద్దామని మాట్లాడుకున్నారు. ధర్నా చేయొచ్చు, మళ్లీ కోర్టుకెళ్లొచ్చు. కానీ అసలు మనం ఎంతమందిమి? ఆ మాట చెప్పే కాగితం ప్రభుత్వం దగ్గరా లేదు. మురికివాడల లెక్కలున్నాయి గానీ, ఫుట్‌పాత్‌ను మురికివాడ కింద చూసేవారు కారు. పేపర్లలో వచ్చేవన్నీ కాకిలెక్కలు. ఊరి మీద ఎన్ని కాకులున్నాయంటే నోటికొచ్చిన అంకె చెప్పినట్టే.

అందుకని తామే లెక్క పెట్టుకున్నారు. దాదాపు 6,000 కుటుంబాలు, 27,000 మంది. ఎక్కడినుంచి వచ్చారు, ఎన్నేళ్లయింది, ఏం పని, ఎంత సంపాదన, నీళ్లెక్కడ పట్టుకుంటారు, ఇవీ ప్రశ్నలు. ఆ నివేదికకు పెట్టుకున్న పేరుకు మన భాషలో "మేం, కనబడని వాళ్లం" అని అర్థం.

వీళ్లంతా నిన్నగాక మొన్న వచ్చిన బిచ్చగాళ్లు, దొంగలు అనే మాట అప్పట్లో నగరమంతా ఉండేది. జవాబులు ఇంకోలా వచ్చాయి. చాలామంది దేశంలోని కటిక పేద జిల్లాల నుంచి వచ్చినవాళ్లు. ఎన్నో ఏళ్లుగా అదే ఫుట్‌పాత్ మీద ఉన్నారు, పిల్లలు అక్కడే పుట్టారు. పనికి నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉండాలనే అక్కడ ఉన్నారు. బస్సు ఛార్జీ పెడితే కూలి మిగలదు. ఊరి చివర స్థలమిస్తాం పొండి అంటే ఎందుకు వెళ్లరో తేల్చుకోవడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. కానీ ఆ మాట ఒక్క మనిషి చెబితే ఏడుపు కింద కొట్టేస్తారు. ఆరు వేల ఇళ్ల కాగితం చెబితే ఆఫీసరు కళ్లజోడు పెట్టుకుంటాడు.

ఆ ఆడవాళ్లే 1986లో మహిళా మిలన్ అని సంఘం పెట్టుకున్నారు. నగర ప్లానులో పేదల ఇళ్లకని చూపించిన స్థలాలు నిజంగా ఎక్కడున్నాయో తిరిగి చూసొచ్చారు. ఎలాంటి ఇల్లు కావాలో తామే ఆలోచించుకున్నారు. గది చిన్నదైనా పధ్నాలుగు అడుగుల ఎత్తుండాలి, అప్పుడు పైన అటక వేసుకోవచ్చు. ఇంత ఆలోచన వంటింట్లో చోటు చాలని మనిషికే వస్తుంది, ఇంజినీరుకు తట్టదు.

వాళ్ల పద్ధతి తర్వాతి ఏళ్లలో చాలా దేశాల బస్తీలకు పాకింది. ముందు ఆ వాడవాళ్లే సందులన్నీ తిరిగి చేత్తో మ్యాపు గీస్తారు. ప్రతి గుడిసె తలుపు మీద సుద్దముక్కతో నంబరు వేస్తారు. ప్రశ్నలడిగేది ఆ వాడ మనుషులే కాబట్టి అబద్ధం చెప్పడం కష్టం, పక్కింటావిడ ముందు లేని గదిని ఉందనలేం కదా. అన్నిటికన్నా ముఖ్యమైనది ఆఖరి మెట్టు: రాసినదంతా వాడలో అందరి ముందూ చదువుతారు. అక్కడ గొడవలు జరుగుతాయి. అద్దెకున్నవాడి పేరు రాయాలా, ఓనరు పేరా? ఊరెళ్లినవాడి సంగతేంటి? ఆ గొడవే సర్వే అని నా అభిప్రాయం. మిగతాది గుమాస్తా పని.

ఈ ఉద్యమానికి పెద్దదిక్కుగా నిలిచింది జోకిన్ అర్పుతం. తనూ బస్తీలో బతికిన మనిషే. 2000లో ఆయనకు మెగసెసె అవార్డు వచ్చింది. 1995లో వచ్చిన మహారాష్ట్ర పునరావాస పథకంలో ఫుట్‌పాత్ వాళ్లనూ హక్కుదారులుగా చేర్చారంటే, పదేళ్ల ముందు రాసిన ఆ లెక్కకూ అందులో వాటా ఉంది. అలాగని అంతా బాగుందనను. పునరావాసం కింద ఇచ్చిన కొన్ని బహుళ అంతస్తుల భవనాలు ఇరుకు, పనికి దూరం. ఇంకో చిక్కూ ఉంది. మన లెక్క మనమే రాసి సర్కారు చేతికిస్తే, రేపు ఎవరిని తీసేయాలో కూడా ఆ కాగితమే చెప్పొచ్చు. లెక్కలో ఉండటమూ భయమే, లేకపోవడమూ భయమే.

పాకిస్తాన్‌లో కరాచీ నగరంలోని ఓరంగి అనే బస్తీ మాట కూడా చెప్పాలి. అక్కడ 1980లో అఖ్తర్ హమీద్ ఖాన్ మొదలుపెట్టిన పనిలో సందుకొక సంఘంగా ఏర్పడి, జనం సొంత డబ్బుతో లక్షకు పైగా ఇళ్లకు మురుగు పైపులు వేసుకున్నారు. అక్కడి కుర్రాళ్లకే కొలతలు నేర్పించి నాలాలన్నీ మ్యాపు చేయించారు. ఆ పనిని నడిపిన పర్వీన్ రెహ్మాన్‌ను 2013 మార్చిలో కాల్చి చంపారు. మ్యాపు గీయడం కొందరికి అంత కంటగింపైందని చాలామంది నమ్మకం.

మనకు ఈ పని బొత్తిగా తెలియదనుకోకండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీ జరిగింది. కూలీల ఇళ్లలోని చదువుకున్న పిల్లలే మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు, పట్టుకుని ఇంటింటికీ వెళ్లి, "నీ పేరున ఇన్ని రోజులు రాశారు, నిజంగా చేశావా?" అని అడిగారు. తేలినదంతా ఊరి సభలో బిగ్గరగా చదివారు. చనిపోయినవాళ్లు కూడా తట్ట మోసినట్టు బయటపడేది. దేశం వచ్చి చూసి వెళ్లిన పని అది. మరి అదే మనం పట్నాల్లో రోడ్ల బిల్లుల మీద, నీళ్ల ట్యాంకర్ల మీద ఎందుకు అలా చేయలేకపోయాం? 74వ రాజ్యాంగ సవరణ 1993లోనే అమల్లోకి వచ్చింది. మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలుండాలని అందులో ఉంది. మీ వార్డు కమిటీ ఎప్పుడు కూర్చుందో మీలో ఎంతమందికి తెలుసు?

మా కాలనీలో నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయని ఆఫీసు రికార్డు. ఒక వేసవిలో నలుగురైదుగురు ఆడవాళ్లు పాల లెక్క రాసే గోడ క్యాలెండరు మీదే నీళ్ల లెక్కా రాశారు. వచ్చిన రోజు ఒక గీత, ఎన్ని బిందెలు నిండితే అంత అంకె. అర్ధరాత్రి వస్తే పక్కన చంద్రవంక. రెండు నెలల తర్వాత ఆ క్యాలెండర్లన్నీ చుట్టి తీసుకెళ్లి నీళ్ల ఆఫీసులో ఏఈగారి, అంటే అసిస్టెంట్ ఇంజినీరుగారి, బల్ల మీద పరిచారు. వీధి మొదట్లో గీతలు ఎక్కువ, చివర తక్కువ. ఆయన చాలాసేపు చూశాడు. వాల్వు దగ్గరే ఏదో తేడా ఉందన్నాడు. "ఇవి ఇక్కడ ఉంచి వెళ్లండమ్మా" అన్నాడు.

"ఫోటో తీసుకోండి సార్," అంది మా పక్కింటి పెద్దమ్మ, మళ్లీ చుట్టుకుంటూ. "ఇంకా నాలుగు నెలలు రాయాలి దీని మీద."

నమస్కారం.