నమ్మకం అడగని ఆదివారం

శ్రోతలకు నమస్కారం.

గుళ్లో అర్చన చేయిస్తే గోత్రం అడుగుతారు. చాలా చర్చిల్లో సభ్యులు కావాలంటే బాప్తిస్మం అయిందా అని అడుగుతారు. ఇవేవీ అడగకుండా, దేవుణ్ణి నమ్ముతారా లేదా అని కూడా అడగకుండా, రండి కూర్చోండి అనే ప్రార్థనా మందిరాలు అమెరికాలో దాదాపు వెయ్యి ఉన్నాయి. వాళ్లను యూనిటేరియన్ యూనివర్సలిస్టులు అంటారు. యూనిటేరియన్, యూనివర్సలిస్ట్ అనే రెండు పాత క్రైస్తవ శాఖలు 1961లో కలిసి ఒక్కటయ్యాయి. ఇప్పుడు ఆ బెంచీల మీద క్రైస్తవులు, యూదులు, బౌద్ధులు, నాస్తికులు పక్కపక్కనే కూర్చుంటారు.

మరి ఒకే నమ్మకం లేనివాళ్లు ప్రతి ఆదివారం కలిసి ఏం చేస్తారు?

ముందుగా ఒక పాత్రలో దీపం వెలిగిస్తారు. పాత్రలో వెలిగే ఆ దీపమే వాళ్ల గుర్తు. దానికి ఒక కథ ఉంది. హిట్లర్‌ను ఎగతాళి చేస్తూ బొమ్మలు గీసిన హాన్స్ డాయిచ్ అనే ఆస్ట్రియా చిత్రకారుడు, నాజీల నుంచి తప్పించుకుని లిస్బన్ చేరాడు. అక్కడ శరణార్థులను కాపాడే పనిలో ఉన్న యూనిటేరియన్ల కాగితాల మీద వేసుకోవడానికి 1941లో ఆ ముద్ర గీసిచ్చాడు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని సరిహద్దులు దాటే మనుషుల కోసం పుట్టిన గుర్తు అది. అందుకే నాకది చాలా మత చిహ్నాల కన్నా దగ్గరగా తోస్తుంది.

తర్వాత పాటలు. వాళ్ల పాటల పుస్తకంలో మన ఠాగూర్ మాటలు కూడా ఉన్నాయి. ఆపైన ప్రసంగం. అది జైళ్ల గురించి కావచ్చు, వాతావరణం గురించి కావచ్చు, చావు గురించి కావచ్చు. ప్రసంగించే మినిస్టర్‌ను, అంటే పాస్టర్ లాంటి మతబోధకుణ్ణి, పైనుంచి ఎవరూ పంపరు, సభ్యులే ఓటు వేసి పిలుచుకుంటారు.

నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ‘సంతోషాలు, బాధలు’ అని కొన్ని నిమిషాలు కేటాయించడం. ఎవరైనా లేచి రావచ్చు. ఒకాయన మైకు దగ్గరకొచ్చి, “గురువారం మా అమ్మకు ఆపరేషన్” అంటాడు. ఇసుక పోసిన పళ్లెంలో చిన్న కొవ్వొత్తి వెలిగించి గుచ్చి, వెళ్లి కూర్చుంటాడు. ఒక పిల్ల వచ్చి తన కుక్క చచ్చిపోయిందని చెప్తుంది. అక్కడ ఎవరూ సలహాలివ్వరు, భయం లేదని సర్దిచెప్పరు. వింటారంతే. కానీ ఆ తర్వాత కాఫీ తాగేచోట ఒకావిడ ఆయన దగ్గరకొచ్చి, “గురువారం మీ పిల్లల్ని స్కూలు నుంచి నేను తీసుకొస్తాను” అంటుంది. వారం వారం కలవడం వల్లే అది కుదురుతుంది. ఎప్పుడో ఏడాదికోసారి పండగకు కనిపించే మనిషితో ఆపరేషన్ సంగతి ఎవరు చెప్పుకుంటారు?

న్యాయం గురించి మాట్లాడటం వేరు, దానికోసం ఇల్లు వదిలి బయల్దేరడం వేరు. 1965 మార్చి 7న అలబామా రాష్ట్రం సెల్మాలో, ఓటుహక్కు కోసం నడుస్తున్న నల్లజాతివాళ్లను పోలీసులు వంతెన మీద చితకబాదారు. మార్టిన్ లూథర్ కింగ్ పిలుపు విని బోస్టన్ నుంచి జేమ్స్ రీబ్ అనే యూనిటేరియన్ మినిస్టర్ వెళ్లాడు. నలుగురు పిల్లల తండ్రి. 9వ తేదీ సాయంత్రం భోజనం చేసి బయటికొస్తుంటే తెల్లజాతి దుండగులు కొట్టారు, 11న చనిపోయాడు. డెట్రాయిట్‌లో అదే సంఘం సభ్యురాలు, ఐదుగురు పిల్లల తల్లి వయోలా లియుజో. నడకలో పాల్గొన్నవాళ్లను కారులో దిగబెడుతుంటే 25న కాల్చి చంపారు. వీళ్లకన్నా ముందే అదే ఉద్యమంలో పోలీసు తూటాకు బలైన నల్లజాతి యువకుడు జిమ్మీ లీ జాక్సన్ పేరు దేశంలో అంతగా మారుమోగలేదు. ఆ తేడా కూడా అన్యాయమే.

ఈ సంఘానికి మన దేశంతో పాత చుట్టరికమే ఉంది. 1821లో కలకత్తాలో యూనిటేరియన్ కమిటీ పెట్టినవాళ్లలో రాజా రామమోహన్ రాయ్ ఒకరు. 1828లో ఆయన మొదలుపెట్టిన బ్రహ్మసభ కూడా వారం వారం జరిగే ప్రార్థనే. ఆ గాలి గోదావరి దాకా వచ్చింది. కందుకూరి వీరేశలింగం గారు 1878లో రాజమండ్రిలో ప్రార్థన సమాజం పెట్టారు. 1881 డిసెంబరు 11న అదే ఊళ్లో తొలి వితంతు వివాహం చేయించారు. ఊరు వెలివేసింది. వంటవాళ్లు రాలేదు, నీళ్లు మోసేవాళ్లు రాలేదు. భార్య రాజ్యలక్ష్మమ్మ గారే గోదావరి నుంచి బిందెలతో నీళ్లు మోసుకొచ్చి వంట చేశారు. ఆ రోజుల్లో వీరేశలింగం గారికి అండగా నిలిచినవాళ్లలో ఆయన విద్యార్థులున్నారు. ఊరంతా ఒకవైపు నిలబడితే, రెండోవైపు నిలబడటానికి కొద్దిమందైనా తోడుండాలి. ఆ తోడు గొడవ వచ్చిన రోజున వెతికితే దొరికేది కాదు.

అమెరికా సంఘాల్లో లోపం లేదని అనను. సభ్యుల్లో ఎక్కువమంది చదువుకున్న తెల్లవాళ్లే. ఆ మాట వాళ్లే ఒప్పుకుని ఏళ్లుగా తర్జనభర్జన పడుతున్నారు. 1985 నుంచి చెప్పుకుంటున్న ఏడు సూత్రాలను పక్కనపెట్టి, ప్రేమను మధ్యలో ఉంచి న్యాయం, సమానత్వం వంటి విలువలను చుట్టూ చేర్చుకోవాలని 2024లో ఓటు వేశారు. ఆ మార్పు నచ్చనివాళ్లూ ఉన్నారు. తమ మతంలో ముఖ్యమైన మాటలను చర్చించి, ఓటు పెట్టి మార్చుకోగలగడం చిన్న విషయమేమీ కాదు.

ఇలాంటి ఆదివారం చూడాలంటే అమెరికా వెళ్లక్కర్లేదు. మేఘాలయలో హాజొమ్ కిస్సొర్ సింగ్ అనే ఖాసీ యువకుడు 1887లో జొవాయ్‌లో కొద్దిమందితో మొదలుపెట్టిన యూనిటేరియన్ ప్రార్థన ఇప్పటికీ ఖాసీ భాషలో సాగుతోంది. ఇంగ్లండు నుంచి వచ్చిన మార్గరెట్ బార్ అనే యూనిటేరియన్ మహిళ 1930లలో ఆ కొండల్లో స్థిరపడి, ఖరాంగ్ గ్రామంలో చదువు, వైద్యం అందేలా ఒక కేంద్రం నడిపి, 1973లో కన్నుమూశారు. షిల్లాంగ్ చూడ్డానికి వెళ్లే మనవాళ్లు జలపాతాలతో పాటు ఒక ఆదివారం పొద్దున ఆ ప్రార్థనలో కాసేపు కూర్చుని రావచ్చు.

నమస్కారం.