‘జస్టిఫై చేసుకోకు’ అంటే ఏమన్నట్టు?

హోస్ట్: నమస్తే, నల్లగొండ నుంచి మాట్లాడుతున్నాం. ఈరోజు ముప్పావుగంట లేటయింది, తప్పు నాదే, కానీ దేవరకొండ రోడ్డులో ఏమైందంటే...

అక్క: ఆగు. ఇక జస్టిఫై చేసుకోకు.

హోస్ట్: అదే ఈరోజు టాపిక్ అక్కా! మొన్న డీటీపీ సెంటర్లో కూడా ‘పేరాలు జస్టిఫై చెయ్యాల్నా సార్’ అన్నాడు, అంటే లైన్ల అంచులు రెండు పక్కలా సమానంగా సర్దాలా అని. నువ్వేమో వారమంతా కోర్టు, ఆదివారం చర్చి. రెండు చోట్లా ఈ మాటకు ఒకటే అర్థమా?

అక్క: ఎక్కడ! మనం ఇంట్లో చేసేది సాకు చెప్పడం. కోర్టులో అది నడవదు. గెట్టు పంచాయితీ అనుకో, పక్క చేను ఆయన గొడ్డలెత్తి మీదికొచ్చాడు, నువ్వు కట్టెతో కొడితే చెయ్యి విరిగింది. ఆత్మరక్షణ అంటున్నావంటే మామూలుగా ‘కొట్టింది నేనే’ అని ఒప్పుకున్నట్టే. పాత ఐపీసీలో 96 నుంచి 106 సెక్షన్లు, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44. అవసరానికి మించి కొట్టకూడదు, పోలీసుల దగ్గరికి పోయే టైం ఉంటే అసలు ఆ హక్కే లేదు. గొడ్డలి కిందపడ్డాక కోపంలో ఇంకో దెబ్బ వేశావా, ఆ దెబ్బకు ఆత్మరక్షణ అంటే ఎవరూ వినరు.

హోస్ట్: మతిస్థిమితం లేదని తప్పించుకుంటారు కదా, అదీ ఇదేనా?

అక్క: అది అదే సంహితలో సెక్షన్ 22. ఆత్మరక్షణలో చేసిన పనే సరైనది అంటాం, ఇక్కడ పని తప్పే, మనిషిని మాత్రం శిక్షించలేం అంటాం. చట్టం రెండింటినీ ఒకే అధ్యాయంలో పెట్టింది, కొత్తలో నేనూ కలిపేసేదాన్ని.

హోస్ట్: తత్వశాస్త్రంలో ఈ మాటతో ఇంకో గొడవ. మన క్లాక్ టవర్ గడియారం నిన్న పదింటికి ఆగిందనుకో, ఈరోజు సరిగ్గా పదింటికి చూసి ‘టైం పది’ అన్నాను. మాట నిజం, గడియారం చూసే చెప్పాను, మరి నాకు టైం తెలిసినట్టేనా? ఇది తత్వవేత్త రస్సెల్ ఉదాహరణే, ఊరు మార్చానంతే. 1963లో గెటియర్ అనే ఆయన మూడు పేజీల వ్యాసంలో ఇలాంటి చిక్కులే పెట్టి, ఆధారమున్న, అంటే ‘జస్టిఫైడ్’, నిజమైన నమ్మకమే జ్ఞానం అనేవాళ్లకు నిద్ర లేకుండా చేశాడు.

అక్క: కోర్టులోనూ అంతే, చెప్పింది నిజమైతే చాలదు, ఎలా తెలిసిందని అడుగుతారు. చర్చిలో మాత్రం కథ తిరగబడుతుంది. నీ దగ్గర ఏ వాదనా లేదని ఒప్పుకోవడంతో మొదలు. ఇంగ్లీషు బైబిల్లో ‘జస్టిఫైడ్’ అన్నచోట తెలుగు బైబిల్లో, రోమా పత్రికలో, ‘విశ్వాసమూలమున మనము నీతిమంతులముగా తీర్చబడి’ అని ఉంటుంది. ఆ ‘తీర్చబడి’ చూడు. తీర్పు తీర్చడమా, తీర్చిదిద్దడమా?

హోస్ట్: అరె, రెండూ అవుతాయి!

అక్క: సరిగ్గా ఆ గొడవే. ప్రొటెస్టెంట్ ఉద్యమం మొదలుపెట్టిన లూథర్ వైపు వాళ్లు మనిషి నీతిమంతుడని దేవుడు తీర్పు చెప్పడం అన్నారు, 1547లో ట్రెంట్ అనే ఊళ్లో జరిగిన తమ సభలో క్యాథలిక్కులు అంతమాత్రమే కాదు, లోపల మనిషి మారడం కూడా అన్నారు. 1999 అక్టోబర్ 31న ఆగ్స్‌బర్గ్‌లో ఇద్దరూ ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు పెట్టారు, అయినా తేడాలన్నీ పోలేదు. నాకైతే తీర్చిదిద్దడమే నచ్చుతుంది, విడుదలైన మనిషి మళ్లీ అదే గెట్టు మీదికి కట్టె పట్టుకుని పోవడం రోజూ చూస్తాను కదా. మా పాస్టర్‌గారిని ఈ ‘తీర్చబడి’ గురించి గుచ్చి గుచ్చి అడిగితే, ‘అమ్మా, ఇది క్రాస్ ఎగ్జామినేషన్ కాదు’ అన్నారు.