పహాణీలో మిగిలిన ముఖ్యమంత్రి

శ్రోతలకు నమస్కారం.

హైదరాబాద్ ఆదర్శనగర్‌లో బీఆర్‌కే భవన్ ఉంది. 2023లో కొత్త సచివాలయం తెరిచేదాకా కొన్నేళ్లు తెలంగాణ పాలన అక్కడి నుంచే సాగింది. ఆ పొడి అక్షరాల్లో ఉన్న మనిషి బూర్గుల రామకృష్ణారావు. హైదరాబాద్ రాష్ట్రంలో ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వానికి మొదటి ముఖ్యమంత్రి ఆయనే, చివరి ముఖ్యమంత్రీ ఆయనే.

1899లో పాలమూరు ప్రాంతంలో పుట్టారు. పుణేలో చదువుకుని, హైదరాబాద్‌లో వకీలుగా పేరు తెచ్చుకున్నారు. పీవీ నరసింహారావు ఆయన దగ్గరే జూనియర్‌గా పనిచేశారు. 1931లో దేవరకొండ ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. ఉర్దూ, పార్సీ భాషల్లోనూ దిట్ట.

1952 మార్చిలో షాద్‌నగర్ ఎమ్మెల్యేగా ముఖ్యమంత్రి అయ్యారు. ఆరు నెలలు తిరగకుండానే ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలన్న ముల్కీ ఆందోళన రాజుకుంది. సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. మృదుస్వభావి అన్న పేరు ఆ మరకను కడిగేయదు.

నా లెక్కలో ఆయన అసలు పని భూమి దగ్గర ఉంది. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. ఆ ఏడాదే రెవెన్యూ మంత్రి అయిన బూర్గుల చేతికి దాని అమలు వచ్చింది. ఆరేళ్లపాటు విడవకుండా సాగు చేసుకున్న కౌలుదారును రక్షిత కౌలుదారుగా గుర్తించి రిజిస్టర్లకెక్కించారు. ఆయన ముఖ్యమంత్రిగా ఉండగానే 1954-55 ఖాస్రా పహాణీ, అంటే ఏ భూమి ఎవరిదో, ఎవరి చేతిలో ఉందో చెప్పే రికార్డు తయారైంది. సర్వే నంబరు, పట్టాదారు పేరు, కబ్జాలో ఉన్నవారి పేరు, అన్నీ వరసగా గళ్లలో. నేటికీ నగరం చుట్టూ ఎకరం కోట్లు పలికే చోట తగాదా వస్తే, వకీళ్లు ముందు అడిగేది ఆ ఖాస్రా నకలే. దున్నినవాడి పేరు అందులో లేకపోతే మనవళ్ల దాకా తిప్పలే. ఎందరు కౌలుదార్లకు భూమి నిజంగా దక్కిందన్నది వేరే కథ. దొరల పలుకుబడి కాగితంతో పోయేది కాదు.

1956 ఫిబ్రవరిలో ఢిల్లీలో ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంపై సంతకం చేసినవారిలో ఆయనా ఒకరు. నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. కుర్చీ నీలం సంజీవరెడ్డికి దక్కింది. తెలంగాణకు మాటిచ్చిన ఉపముఖ్యమంత్రి పదవి మొదటి మంత్రివర్గంలోనే కనిపించలేదు.

బూర్గుల మాత్రం గవర్నర్‌గా కేరళ వెళ్లారు. హైదరాబాద్ శాసనసభలో కమ్యూనిస్టులను ఎదురుగా కూర్చోబెట్టుకుని నాలుగున్నరేళ్లు నెట్టుకొచ్చిన ఈ కాంగ్రెస్ నాయకుడే, 1957 ఏప్రిల్‌లో ఈఎంఎస్ నంబూద్రిపాద్ కమ్యూనిస్టు మంత్రివర్గం చేత ప్రమాణం చేయించారు. ఆ ప్రభుత్వం తెచ్చిన బిల్లుల్లో భూసంస్కరణలూ ఉన్నాయి! విద్యా బిల్లుపై మొదలైన గొడవ ఆ ప్రభుత్వాన్ని దించాలన్న విమోచన సమరంగా ముదిరింది. చివరకు రాష్ట్రపతికి నివేదిక పంపింది గవర్నర్ బూర్గులే. 1959 జూలై 31న ఆ ప్రభుత్వాన్ని కేంద్రం రద్దు చేసింది. రాజ్యాంగం ప్రకారం నడుచుకున్నారని కొందరు, ఢిల్లీ మాట కాదనలేకపోయారని కొందరు ఇప్పటికీ వాదిస్తారు. కౌలుదారు పేరు రిజిస్టరుకెక్కించిన మనిషి చేతి మీదుగా ఆ నివేదిక వెళ్లడం నాకు మింగుడుపడదు.