ఫైలు వచ్చింది, మిషన్ లేవలేదు

అందరికీ నమస్కారం.

మా తమ్ముడికి హనుమకొండ చౌరస్తా దగ్గర చిన్న డీటీపీ షాపు ఉంది. పెళ్లి కార్డులు, కరపత్రాలు, బడి ప్రశ్నపత్రాలు చేస్తాడు. పాత ఇంటెల్ మ్యాక్‌లో వర్చువల్ మెషిన్ (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్) పెట్టుకుని, అందులో విండోస్ 7 వేసి, తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ నడిపేవాడు. మాఘమాసం ముహూర్తాల ముందు ఎం1 మ్యాక్ కొన్నాడు. 60 జీబీ వర్చువల్ మెషిన్ ఫైలు అందులోకి కాపీ చేసుకున్నాడు. రాత్రి పదింటికి ఫోన్: "అన్నా, ఫైలు మంచిగనే వచ్చింది, మిషనే లేస్తలేదు."

మళ్లీ కాపీ చెయ్యమన్నాను. అది తప్పు సలహా. కార్డులు ఆగిపోయి ఆ రెండు రోజులు వాడు పడ్డ టెన్షన్ చూశాకే ఈ విషయం పదిమందికీ చెప్పాలనుకున్నాను.

వర్చువల్ మెషిన్ అనే పేరే మనల్ని పొరపాటు పడేలా చేస్తుంది. అందులో డిస్క్, నెట్‌వర్క్ కార్డ్ ఉత్తుత్తివే, కానీ ప్రాసెసర్ మాత్రం నిజంగా మన కంప్యూటర్‌దే. లోపలి విండోస్ ఇచ్చే ఆదేశాలు చాలావరకు నేరుగా దాని మీదే నడుస్తాయి, ఆ వేగమంతా అందుకే. ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల భాష ఎక్స్86. ఆపిల్ 2020 నవంబర్ నుంచి తెచ్చిన ఎం1 వరసది ఆర్మ్. ఎనుమాముల మార్కెట్‌లో రైతు, అడ్తిదారు ఒకే భాష మాట్లాడితే బేరం నిమిషంలో తెగుతుంది. ఒకరికి తెలుగు, ఇంకొకరికి మరాఠీ మాత్రమే వస్తే ప్రతి మాటా మార్చి చెప్పే మనిషి మధ్యలో ఉండాలి. మొదటిది వర్చువలైజేషన్, రెండోది ఎమ్యులేషన్.

"మరి రొసెట్టా 2 ఉంది కదా?" అని అడుగుతారు. అది మామూలు ఇంటెల్ యాప్‌లను మార్చి నడుపుతుంది. ఎక్స్86 కంప్యూటర్‌ను వర్చువల్‌గా నడిపే యాప్‌లకు పనిచేయదని ఆపిల్ మొదట్లోనే చెప్పింది. మ్యాక్‌లో నేరుగా విండోస్ వేసుకునే బూట్ క్యాంప్ కూడా ఎం1తో పోయింది. అంతకుముందు పవర్‌పీసీ అనే వేరే ప్రాసెసర్ ఉన్న మ్యాక్‌ల కాలంలో విండోస్ కావాలంటే వర్చువల్ పీసీ అనే ఎమ్యులేటరే దిక్కు, నత్తనడక. 2006లో మ్యాక్ ఇంటెల్‌కు మారాక ఆ బాధ తీరింది. పద్నాలుగేళ్లకు మళ్లీ భాష మారింది.

తమ్ముడి ఫైలును క్యూఎము అనే ఎమ్యులేటర్ మీద నడిచే యూటీఎం యాప్‌లో పెట్టి చూశాం. లేచింది, కానీ కీ నొక్కిన ఎంతసేపటికో అక్షరం పడేది. తర్వాత ఆర్మ్ కోసం చేసిన విండోస్ 11 వేశాం. అది చాలా ఇంటెల్ ప్రోగ్రాములను తానే మార్చి నడుపుతుంది. డ్రైవర్లను (పరికరాలను నడిపే ప్రోగ్రాములను) మాత్రం మార్చలేదు, అవి ఆర్మ్‌వే కావాలి. వాడి సాఫ్ట్‌వేర్‌కు యూఎస్‌బీ లాక్ (అది గుచ్చితేనే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది) ఉంది, దానికి ఆర్మ్ డ్రైవర్ లేదు. అక్కడే ఆగిపోయాం.

లినక్స్ నేర్చుకునే విద్యార్థులకు ఇంత కష్టం లేదు. ఉబుంటు, డెబియన్ లాంటి లినక్స్‌ల ఆర్మ్64 ఇమేజ్ (ఆర్మ్ కోసం చేసిన ఇన్‌స్టాల్ ఫైలు) దించుకుంటే పూర్తి వేగంతో నడుస్తుంది. మాక్‌ఓఎస్ వెంచురా నుంచి ఆ లినక్స్ లోపల ఇంటెల్ ప్రోగ్రాములకు రొసెట్టా కూడా వాడుకోవచ్చు.

కొత్తది కొనేవాళ్లు పాతది అమ్మకండి. దాన్ని ఆన్ చేసి, వర్చువల్ మెషిన్ లోపలి ఫైళ్లు, ఫాంట్లు ముందు బయటకు తీయండి. సస్పెండ్‌లో వదిలేసిన మెషిన్‌ను కొత్త ప్రాసెసర్ మీద కొనసాగించలేం, పూర్తిగా షట్‌డౌన్ చేయండి. తమ్ముడు పదకొండేళ్ల కార్డులన్నీ పీడీఎఫ్ చేసుకున్నాడు. పాత మ్యాక్ ఇంకా కౌంటర్ మీదే ఉంది, బ్యాటరీ పోయినా ఛార్జర్ మీద నడుస్తోంది, ఆ లాక్ దానికే పెట్టి ఉంటుంది.