మూలికల నట్టల మందు: సీసా ఉచితం, చిరాకు అదనం

నమస్కారం. దేవరకొండ దగ్గర మా దొడ్డిలోనే నిలబడి మాట్లాడుతున్నాను. వెనుక అరుపులు వినిపిస్తే సర్దుకోండి. గొర్రెల కడుపులోని నట్టలకు, అంటే పురుగులకు, పోసే ఈ మూలికల మందును తయారీదారులే ఉచితంగా పంపారు, డబ్బు మాత్రం తీసుకోలేదు. వేప, వాయువిడంగాలు, మోదుగ గింజలు అంటూ లేబుల్ మీద ఉన్నదంతా మీరు చూసే ఉంటారు, మళ్లీ చదవను.

ముందు ఈ గుజ్జు సంగతి చెప్పాలి. ఎంత ఊపినా అడుగున మడ్డి పేరుకుంటుంది. మందు తాగించే గన్‌లో పోస్తే మూడో గొర్రె దగ్గరే ముక్కు మూసుకుపోయింది. పుల్లతో పొడిచి, కడిగి, మళ్లీ నింపాను. ఐదో గొర్రె దగ్గర అదే కథ. గన్ నొక్కితే ముందు ఏమీ రాదు, తరువాత ఒక్కసారిగా గొంతులోకి చిమ్ముతుంది. గొర్రె దగ్గిందంటే నాకు గుండె ఆగినంత పని. తల మరీ ఎత్తిపట్టి గబగబా పోస్తే మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది, నట్టలకంటే ముందు న్యుమోనియా చంపుతుంది. ఇంత చిక్కటి మందు చేసినవారు ఒక్క గొర్రెకైనా తాగించి చూశారా?

మా తాత ఇంతకంటే నయం. మోదుగ గింజలు నానబెట్టి, పొట్టు తీసి, మెత్తగా నూరి, మజ్జిగలో కలిపి, బట్టలో వడకట్టి వెదురు గొట్టంతో పోసేవాడు. వడకట్టేవాడు, గమనించండి! బాలానగర్ సీతాఫలం గింజలు కూడా నూరి పోయవచ్చా అని కొందరు అడుగుతున్నారు. వద్దు. ఆ పొడి కంట్లో పడితే చూపుకే ప్రమాదం.

రెండో చిరాకు మోతాదు. 'పెద్దవాటికి రెండు మూతలు, చిన్నవాటికి ఒకటి' అట. పన్నెండు కిలోల పిల్లా, ఇరవై కిలోల పిల్లా ఒకటేనా? నేను ఇన్నాళ్లూ వాడిన మామూలు నట్టల మందు ఫెన్‌బెండజోల్‌కు గొర్రెల్లో కిలో బరువుకు 5 మిల్లీగ్రాములని స్పష్టంగా లెక్క ఉంది. అయితే ఒకే మందు ఏళ్ల తరబడి పోస్తే నట్టలు దానికి తట్టుకుంటాయి. అందుకే మూలికల వైపు చూశాను, మీలో చాలామందిలాగే.

పని చేసిందా అంటే, పది గొర్రెలకు పోసి, పదింటిని వదిలేశాను. మా చెరువు శిఖంలో, అంటే చెరువు లోపలి నేలలో, వాన పడ్డాక మేసే గొర్రెలకు అసలు శత్రువు రక్తం పీల్చే నట్ట. నాలుగో కడుపులో ఉంటుంది. ఒక్కొక్కటి రోజుకు సుమారు 0.05 మిల్లీలీటర్ల రక్తం తాగుతుంది. వెయ్యి ఉంటే 50 మిల్లీలీటర్లు! అందుకే కింది రెప్ప లాగి లోపలి పొర చూస్తాను. ఎర్రగా ఉంటే సరే, తెల్లబడితే రక్తం పోతున్నట్టు. దవడ కింద నీరు దిగితే ఇక ఆలస్యం చేయకూడదు.

పద్నాలుగు రోజుల తరువాత పెంటికలు పశువైద్యశాలకు ఇచ్చి చూపించాను. మందు తాగిన పదింటి పెంటికల్లో నట్టల గుడ్లు తగ్గాయి కానీ సగానికి కూడా రాలేదు. వాటిలో రెండింటికి రెప్పలు సున్నంలా తెల్లబడ్డాయి. డాక్టరుగారితో మామూలు మందు పోయించాక తేరుకున్నాయి. మూలికలో గుణం లేదనను, మోదుగ మీద నమ్మకం నాకు ఇంకా ఉంది. ఈ సీసాకు మాత్రం నా డబ్బు పెట్టను. వడకట్టి, కిలో బరువుకు ఎంతో రాసి పంపితే మళ్లీ ఇదే దొడ్డిలో పోసి చూపిస్తాను. అప్పటిదాకా మిగిలిన సగం సీసా ఆ దూలం మీదే ఉంటుంది. గన్ మాత్రం ఇంకా కడుగుతూనే ఉన్నాను.