ఒక్క మంచం ఎండలో వేస్తే నల్లులు పోతాయా? కాన్‌ఫికర్ వర్మ్ కథ

నవారు మంచాల కాలం చూసినవాళ్లకి నేను చెప్పబోయేది వెంటనే అర్థమవుతుంది. ఇంట్లో నల్లులు పడ్డాయనుకోండి. ఒక మంచాన్ని ఎండలో వేసి, దులిపి, కిరసనాయిలు పూసి, సాయంత్రానికి లోపలికి తెచ్చి పక్క వేసుకుంటాం. దాని పక్కన ఇంకో మంచం ఉంటుంది, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అర్ధరాత్రికి మళ్లీ గోకుడు మొదలు. 2009లో నేను చేసిన పని సరిగ్గా ఇదే. కాకపోతే మంచాలకు బదులు కంప్యూటర్లు.

అప్పుడు నేను గుంటూరులో డిగ్రీ చదువుతున్నా. బ్రాడీపేటలో తెలిసిన అన్నకి ఒక జిరాక్స్, డీటీపీ షాపు ఉండేది. ఆరు కంప్యూటర్లు, అన్నిట్లో విండోస్ ఎక్స్‌పీ, ఒకటే ప్రింటర్. మార్చి నెల, ప్రాజెక్ట్ రిపోర్టుల సీజన్. రోజంతా పిల్లలు పెన్ డ్రైవ్‌లు పట్టుకుని క్యూ కట్టేవాళ్లు. ఒకరోజు అన్న ఫోన్ చేశాడు. "తమ్ముడూ, నెట్ స్లో అయిపోయింది. యాంటీవైరస్ సైట్ మాత్రం అసలు ఓపెన్ కావట్లేదు. సినిమా సైట్లన్నీ బానే వస్తున్నాయి. ఏంట్రా ఇది?"

ఆ చివరి మాట దగ్గరే నాకు లైట్ వెలగాలి. వెలగలేదు.

ఆ షాపులో ఉన్నది కాన్‌ఫికర్ అనే వర్మ్, అంటే ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి తనంతట తానే పాకే చెడ్డ ప్రోగ్రామ్. 2008 నవంబర్‌లో బయటపడింది. వైరస్ అయితే ఏదో ఒక ఫైల్‌కి అంటుకుని ఉంటుంది, ఆ ఫైల్‌ని ఎవరో ఒకరు తెరిస్తేనే దానికి ప్రాణం వస్తుంది. వర్మ్‌కి ఆ అవసరం లేదు. మీరు కుర్చీలో లేకపోయినా, కంప్యూటర్ ఆన్‌లో ఉండి నెట్‌వర్క్‌కి తగిలించి ఉంటే చాలు, దాని పని అది చేసుకుపోతుంది.

ఎలా వస్తుందో చూద్దాం. ఒక కంప్యూటర్‌లోని ఫోల్డర్‌నో ప్రింటర్‌నో మిగతావాళ్లు వాడుకోవడానికి విండోస్‌లో సర్వర్ సర్వీస్ అని ఒకటి ఉంటుంది. పోర్ట్ 445 అనే గుమ్మం దగ్గర కూర్చుని, వచ్చినవాళ్లని పలకరించడం దాని ఉద్యోగం. పంపిన ఫోల్డర్ చిరునామాని సరిచూసే కోడ్‌లో ఒక తప్పు దొర్లింది. కావాలని వంకరగా రాసిన చిరునామా పంపితే దాని లెక్క తప్పి, పంపినవాడి కోడ్‌ని తనే నడిపేస్తుంది. పాస్‌వర్డ్ అడగదు. ఎక్స్‌పీలో పరిస్థితి ఇదీ. అలా లోపలికి దూరిన చిన్న కోడ్, తనని పంపిన కంప్యూటర్‌కే తిరిగి కనెక్ట్ అయ్యి మొత్తం వర్మ్‌ని దించుకుంటుంది. ఇక ఈ కంప్యూటర్ కూడా పక్కవాళ్ల గుమ్మాలు తట్టడం మొదలుపెడుతుంది.

ఇక్కడ నాకు ఇప్పటికీ కడుపు మండే సంగతి ఒకటుంది. ఈ తప్పుకి మైక్రోసాఫ్ట్ 2008 అక్టోబర్ 23నే ప్యాచ్ (తప్పుని సరిచేసే అప్‌డేట్) ఇచ్చింది. నెలవారీ తేదీ దాకా ఆగకుండా అత్యవసరంగా ఇచ్చింది. వర్మ్ వచ్చింది దాదాపు నెల తర్వాత! కానీ మన షాపుల్లో అప్‌డేట్లు ఎవరు ఆన్‌లో పెట్టేవాళ్లు? "మీ విండోస్ అసలుది కాదు" అని మెసేజ్ వస్తుందేమోనని మొదట ఆపేసేది అప్‌డేట్లనే. ప్రింటర్ షేర్ చేయాలి కాబట్టి ఫైర్‌వాల్‌లో, అంటే బయటి కనెక్షన్లని అడ్డుకునే కాపలాలో, 445 తెరిచే ఉండేది. ఇంకేం కావాలి దానికి?

డిసెంబర్ చివర్లో కాన్‌ఫికర్ రెండో రకం దిగింది, దీనికి ఇంకో రెండు దారులు తెలుసు. ఒకటి పాస్‌వర్డ్‌లు ఊహించడం. 123, అడ్మిన్, పాస్‌వర్డ్, ఇలాంటివి రెండొందలకు పైగా ఉన్న చిట్టా దాని దగ్గర ఉంది. అన్న షాపులో ఆరింటికీ ఒకటే పాస్‌వర్డ్, 123. రెండోది పెన్ డ్రైవ్.

ఈ పెన్ డ్రైవ్ సంగతి కాస్త దగ్గరగా చూడండి. ఎక్స్‌పీలో డ్రైవ్ పెట్టగానే ఆటోప్లే విండో వచ్చేది, గుర్తుందా? అందులో పసుపు ఫోల్డర్ బొమ్మ, పక్కన "ఓపెన్ ఫోల్డర్ టు వ్యూ ఫైల్స్" అని ఉంటుంది. అందరం దాన్నే నొక్కేవాళ్లం. వర్మ్ ఉన్న డ్రైవ్ పెడితే అదే బొమ్మ, అదే వాక్యం రెండుసార్లు కనిపిస్తుంది. తేడా అంతా కింద చిన్న అక్షరాల్లో ఉంది. ఒకదాని కింద "యూజింగ్ విండోస్ ఎక్స్‌ప్లోరర్", ఇంకోదాని కింద "యూజింగ్ ద ప్రోగ్రామ్ ప్రొవైడెడ్ ఆన్ ద డివైస్". ఆ రెండోది వర్మ్. డ్రైవ్ పెట్టగానే ఏం చూపించాలో విండోస్‌కి చెప్పే ఆటోరన్ ఫైల్‌లో ఆ బొమ్మని, ఆ వాక్యాన్ని వర్మ్ తయారుచేసినవాడే రాసిపెట్టాడు. నొక్కితే, రీసైక్లర్ అనే దాచిన ఫోల్డర్‌లో ఉన్న అసలు ఫైల్ లేస్తుంది. దాని పేరు జే డబ్ల్యూ జీ కే వీ ఎస్ క్యూ డాట్ వీఎంఎక్స్. నోరు తిరగదు కదా, నాకు మాత్రం పదిహేనేళ్లు దాటినా మర్చిపోవడం కుదర్లేదు. క్యూలో పదిమంది ఉన్నప్పుడు చిన్న అక్షరాలు ఎవరు చదువుతారండీ?

ఇప్పుడు ఫోన్‌లో అన్న అడిగిన ప్రశ్నకి జవాబు. లోపలికి వచ్చాక కాన్‌ఫికర్ విండోస్ అప్‌డేట్‌ని ఆపేస్తుంది, కంప్యూటర్‌ని పాత స్థితికి తీసుకెళ్లే రిస్టోర్ పాయింట్లు చెరిపేస్తుంది. మీరు అడిగిన సైట్ పేరులో మైక్రోసాఫ్ట్ అనో, యాంటీవైరస్ కంపెనీ పేరో ఉంటే ఆ పేరుని వెతకనివ్వదు. అంటే రోగి మందుల షాపుకి వెళ్లే దారి మాత్రమే మూసేస్తుంది. ఈ లక్షణాన్నే పరీక్షగా మార్చి అప్పట్లో కాన్‌ఫికర్ ఐ చార్ట్ అని ఒక పేజీ పెట్టారు. యాంటీవైరస్ కంపెనీల లోగోలు, వేరే సైట్ల లోగోలు పక్కపక్కన ఉంటాయి. మొదటివి కనపడకుండా రెండోవి మాత్రమే కనపడితే మీ కంప్యూటర్‌లో అది ఉన్నట్టే. కళ్ల డాక్టర్ దగ్గర అక్షరాల బోర్డు చదివినట్టు!

సరే, నా ఘనకార్యానికి వద్దాం. కాలేజీలో క్లీనింగ్ టూల్ సంపాదించి, మొదటి కంప్యూటర్ శుభ్రం చేశా. రెండోది, మూడోది. నాలుగోదాని దగ్గర ఉండగా మొదటిది మళ్లీ పాత పాటే. కేబుల్ తియ్యలేదు, ప్యాచ్ వెయ్యలేదు మరి. శుభ్రం చేసిన ఇంటికి తలుపు పెట్టకపోతే కుక్క రాకుండా ఉంటుందా? రెండు రోజులు పోయాయి.

చివరికి ఒక ఆదివారం రాత్రి షట్టర్ దించి చేశాం. ముందు నెట్‌వర్క్ బాక్సులోంచి ఆరు కేబుళ్లూ పీకేశాం. ప్యాచ్‌ని, టూల్‌ని వర్మ్ లేని కంప్యూటర్‌లో సీడీ మీద రాసుకొచ్చా. పెన్ డ్రైవ్ అయితే మొదటి మెషీన్‌లోనే అంటించుకుంటుంది, సీడీ మీద రాయడం దానికి కుదరదు. ప్రతి మెషీన్‌లో ముందు ప్యాచ్, తర్వాత టూల్, రీస్టార్ట్, మళ్లీ స్కాన్. షెడ్యూల్డ్ టాస్కుల్లో, అంటే ఫలానా టైముకి వాటంతటవే నడిచే పనుల చిట్టాలో, మేం పెట్టనివి కనిపిస్తే తీసేశాం. పాస్‌వర్డ్‌లు మార్చాం. ఆరూ అయ్యాకే కేబుళ్లు పెట్టాం.

ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకి ఒక మాట. వర్మ్ ఉన్న మెషీన్‌లోకి నెట్‌వర్క్ మొత్తానికి అధికారం ఉన్న అడ్మిన్ లాగిన్‌తో వెళ్లకండి. కాన్‌ఫికర్ ముందుగా వాడుకునేది అప్పుడు లాగిన్ అయి ఉన్న మనిషి అధికారాన్నే. కాపాడటానికి వచ్చినవాడి తాళంచెవులతోనే మిగతా గదులన్నీ తెరుస్తుంది. ఆ ఒక్క మెషీన్‌కి మాత్రమే పనిచేసే లోకల్ అకౌంట్ వాడాలి.

దీన్ని రాసినవాళ్లని పట్టిస్తే 2,50,000 డాలర్లు ఇస్తామని 2009 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. పెన్ డ్రైవ్ ఆటోరన్‌ని ఆపే అప్‌డేట్‌ని ఎక్స్‌పీ, విస్టాలకి 2011 ఫిబ్రవరిలో అందరికీ పంపింది. అయినా 2016లో జర్మనీలోని గుండ్రెమ్మింగెన్ అణు విద్యుత్ కేంద్రంలో, ఇంటర్నెట్‌తో సంబంధమే లేని ఒక కంప్యూటర్‌లో కాన్‌ఫికర్ దొరికింది. అదే కేంద్రంలోని 18 పెన్ డ్రైవ్‌ల లాంటివాటిలో కూడా ఇలాంటి చెడ్డ ప్రోగ్రాములు కనిపించాయి. ఇక 2017 మే 12న, ఫైళ్లకి తాళం వేసి డబ్బులు అడిగే వన్నాక్రై అనే వర్మ్ వచ్చినప్పుడు దారి మళ్లీ అదే 445. ప్యాచ్ రెండు నెలల ముందే, మార్చి 14న వచ్చేసింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లకి కూడా తగిలింది అప్పుడు. మీ ఆఫీసులో ఇంకా ఫోల్డర్లు, ప్రింటర్లు పంచుకునే పాత పద్ధతి ఎస్ఎంబీ వెర్షన్ 1 ఆన్‌లో ఉంటే, ఈ వీడియో ఆపేసి ముందు అది ఆపండి.

షాపులో ఆదివారం అంతా బాగు చేశామా, గురువారం మళ్లీ ఫోన్. ఒకటో నంబర్ మెషీన్, అదే రోగం. ప్యాచ్ ఉంది, పాస్‌వర్డ్ కొత్తది, ఎలా వచ్చిందో అర్థం కాలేదు. నేను ఆటోరన్ ఆపడం మర్చిపోయా. సరే, డ్రైవ్ ఎవరిదని కస్టమర్లందరినీ అనుమానించాం. అన్న పాపం, బండి తాళాలు బల్ల మీద పడేసి టీ చెప్పడానికి వెళ్లాడు. తాళాల గుత్తికి ఎర్ర పెన్ డ్రైవ్ వేలాడుతోంది.