ఎలుకలో పనిచేసిన మందు పిల్లవాడికి పనిచేస్తుందా?

అందరికీ నమస్కారం. పిల్లల్లో ఎక్కువగా వచ్చే అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అనే రక్త కేన్సరుకి వాడే ఆస్పరాజినేజ్ మందు దొరికిందే జంతువుల వల్ల. 1953లో అమెరికాలో కిడ్ అనే శాస్త్రవేత్త గినియా పిగ్ సీరం ఎక్కిస్తే ఎలుకల్లోని లింఫోమా గడ్డలు కరిగిపోయాయి. అందులో పనిచేసింది ఆస్పరాజినేజ్ అని తర్వాత బ్రూమ్ తేల్చాడు. అప్పుడు కరిగింది ఎలుక కేన్సరు. ఇప్పుడు మనం ఎలుకలో పెంచి పరీక్షించేది పిల్లవాడి కణాలనే.

తల్లిదండ్రుల అనుమతితో తీసిన మూలుగ నుంచి కణాలను వేరుచేసి, 40 మైక్రాన్ల జల్లెడలో వడకట్టాలి. ఉండకట్టిన కణాలు ఊపిరితిత్తుల్లో అడ్డుపడితే ఎలుక నిమిషాల్లో చచ్చిపోతుంది. ఆ తర్వాత 10 నుంచి 50 లక్షల కణాలను 0.1–0.2 మిల్లీలీటర్ల ద్రవంలో కలిపి, రోగనిరోధక కణాలైన టి, బి, ఎన్‌కె కణాలు లేని ఎన్‌ఎస్‌జి అనే రకం ఎలుక తోక సిరలోకి ఎక్కిస్తాం. ముందు తోకను వెచ్చబెడితే పక్కనున్న సిర ఉబ్బి కనిపిస్తుంది. పిస్టన్ బిగుసుకున్నా, తోక తెల్లగా పొంగినా సూది సిరలో లేదన్నమాట. వెంటనే ఆపి, కాస్త పైన మళ్లీ గుచ్చాలి. మొండిగా నొక్కితే కణాలు తోకలోనే ఉండిపోతాయి, జబ్బు ఆలస్యంగా వస్తుంది. ఆ ఆలస్యాన్ని రేపు మందు గొప్పతనంగా లెక్కేసే ప్రమాదం ఉంది. నా దృష్టిలో ఇంతకంటే చెడ్డ తప్పు లేదు.

ప్రతివారం రెండు చుక్కల రక్తం తీసి, కణాలను రకాలవారీగా లెక్కపెట్టే ఫ్లో సైటోమెట్రీ చేస్తాం. తెల్లరక్తకణాల మీద ఉండే సీడీ45 అనే ప్రోటీన్‌ను గుర్తుపట్టడానికి మనిషి సీడీ45కి ఒకటి, ఎలుక సీడీ45కి ఒకటి, రెండు యాంటీబాడీలూ వాడాలి. మనిషి కణాలు 1 శాతానికి చేరాక ఎలుకలను చీటీలేసినట్టు గుంపులుగా విడదీసి మందు మొదలుపెట్టాలి. 25 శాతం దాటితే జబ్బు ముదిరినట్టు లెక్క.

ఇక మోతాదు. చాలా పరీక్షలు బోల్తా కొట్టేది ఇక్కడే. ఎలుకకిచ్చే కిలోకు మిల్లీగ్రాముల లెక్కను 3తో గుణిస్తే, శరీర ఉపరితలం చదరపు మీటరుకు ఎంతో వస్తుంది. ఈ జబ్బుకు వాడే స్టెరాయిడ్ డెక్సామెథసోన్ కిలోకు 5 మిల్లీగ్రాములు ఇస్తే అది చదరపు మీటరుకు 15. పిల్లలకు మామూలుగా రోజుకు ఇచ్చేది 6 నుంచి 10. గుణకారం ఒక్కటే చాలదు, ఎలుక చాలా మందులను మనకంటే వేగంగా విసర్జిస్తుంది. రక్తంలో మందు ఎంత చేరిందో, ఎంతసేపు ఉందో కొలిచి, పిల్లల కొలతలతో పోల్చాలి. పిల్లవాడి ఒంట్లో సాధ్యంకాని మోతాదు దగ్గర ఎలుక బాగుపడితే ఆ ఫలితాన్ని పక్కన పెట్టేయాలి.

ఈ ఎన్‌ఎస్‌జి ఎలుకకు డీఎన్‌ఏ మరమ్మతు శక్తి తక్కువ. డీఎన్‌ఏను దెబ్బతీసే మందులను, రేడియేషన్‌ను తట్టుకోలేదు. బరువు 20 శాతం తగ్గితే బాధపడనివ్వకుండా పరీక్ష నుంచి తప్పించాలి. బ్లినటుమోమాబ్ లాంటి మందులు టి కణాల ద్వారానే పనిచేస్తాయి కాబట్టి, మనిషి టి కణాలు కూడా ఎక్కించకపోతే ఆ పరీక్షకు అర్థమే లేదు.

రక్తం శుభ్రపడగానే గెలిచామనుకోవద్దు. జబ్బు మూలుగలో, ప్లీహంలో, మెదడు పొరల్లో దాక్కుంటుంది. మందు ఆపాక కూడా వారం వారం రక్తం తీస్తూనే ఉండాలి. మందు లేని గుంపు కంటే ఎన్ని రోజులు ఆలస్యంగా 25 శాతానికి చేరిందో, రాసుకోవాల్సిన ఫలితం అది.